స్మృతి అంటే మరవకపోవడం కూడా

ధ్యానం యాప్‌ల గురించి వచ్చిన వ్యాసంలో, ధ్యానమంటే మనసును ఖాళీ చేసుకోవడమేనన్న వ్యాసకర్త మాట నాకు మింగుడు పడలేదు. బౌద్ధ గ్రంథాల భాష పాళీలో ఈ సాధనకు వాడే మాట ‘సతి’; అదే సంస్కృతంలో ‘స్మృతి’. అంటే ఎరుకతో పాటు, విన్నదాన్ని మరవకుండా నిలుపుకోవడం కూడా సాధనలో భాగమే. ఈ సాధనను బోధించే బుద్ధుడి ప్రవచనం (సుత్తం) సతిపట్ఠాన సుత్తం కాయం (శరీరం), వేదన (అనుభూతి), చిత్తం (మనసు), ధర్మాలు (మనసుకు తోచే విషయాలు) అనే నాలుగింటిని గమనించమంటుంది గానీ దేన్నీ తుడిచేయమనదు. దీర్ఘంగా శ్వాస పీల్చేటప్పుడు దీర్ఘంగా పీలుస్తున్నానని తెలుసుకోవడం అందులో తొలి పాఠాల్లో ఒకటి; అదెంత తేలికో కూర్చున్నవాళ్లకే తెలుసు.

మేము కొందరం వారానికోసారి కలుస్తాం. ఒకరు సుత్తం చదువుతారు, ఆపై ఇరవై నిమిషాలు మౌనం. మోకాలు సలపడం మొదలవగానే కాలు కదపకుండా, ఆ నొప్పి ఎక్కడ పుట్టి ఎలా మారుతోందో చూసినప్పుడే ‘వేదన’ అన్న మాట నాకు అర్థమైంది (పాళీలో వేదన అంటే బాధ ఒక్కటే కాదు, సుఖానుభవం కూడా). ఒంటరిగా ఉంటే ఐదో నిమిషంలోనే లేచిపోయేవాణ్ని.

కల్యాణమిత్రుల (మంచిదారిలో తోడుండే స్నేహితుల) సాంగత్యం సాధనలో సగమని బుద్ధుడి శిష్యుడు ఆనందుడు అన్నప్పుడు, సగం కాదు, సాంతం అదేనని బుద్ధుడు సరిదిద్దినట్టు బుద్ధుడి ప్రవచనాల సంపుటాల్లో ఒకటైన సంయుత్త నికాయంలో ఉంది. ధ్యానం యాప్‌ల గురించి అంత వివరంగా రాసిన వ్యాసకర్త, కలిసి నేర్చుకోవడాన్ని ఒక్క వాక్యంతో సరిపెట్టడం లోటుగానే తోచింది.