నడుముకు కట్టుకునే యాక్సిలరోమీటర్ వారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ యాక్సిలరోమీటర్ గారికి,

వ్యాయామ శాస్త్రం చదువుతూ, థీసిస్ గడువును నెత్తిన పెట్టుకుని తిరిగే విద్యార్థులందరి తరఫున నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మా కుశలం మా గైడ్ దయ మీద, తమ కుశలం బ్యాటరీ దయ మీద ఆధారపడి ఉన్నాయి.

అగ్గిపెట్టెంత ఉంటారు. ఎలాస్టిక్ బెల్టు కట్టించుకుని కుడి తుంటి మీద కొలువుదీరతారు. సెకనుకు 30 సార్లు కుదుపును కొలిచి, వాటన్నిటినీ కలిపి ‘కౌంట్లు’ అనే అంకెలుగా మారుస్తారు. ఇంతవరకు తమ పనికి వంక పెట్టేదేమీ లేదు. తప్పు మాదే. కుదుపు కొలిచే తమర్ని తీసుకెళ్లి, మనిషి పడే కష్టాన్ని తూచే ధర్మాసనం మీద కూర్చోబెట్టాం. ఎక్కింది మొదలు తమరు దిగలేదు.

తమ తీర్పుల చిట్టాలో మొదటి అంకె 1952. నిమిషానికి అన్ని కౌంట్లు దాటితే పెద్దవాళ్లకు అది ‘మధ్యస్థ’ వ్యాయామం, దాటకపోతే ‘తేలిక’. ఈ అంకె 1998లో అచ్చయిన ఒక అధ్యయనంలోది. ఆరోగ్యంగా ఉన్న 50 మంది యువతీయువకుల్ని ట్రెడ్‌మిల్ మీద గంటకు 4.8, 6.4, 9.7 కిలోమీటర్ల వేగంతో నడిపించి, పరుగెత్తించి, వాళ్లు వాడిన ఆక్సిజన్‌ను తమ కౌంట్ల పక్కన పెట్టి చూశారు. 3 మెట్లు (శక్తి ఖర్చును కొలిచే MET అనే ప్రమాణం), అంటే ఊరికే కూర్చున్నప్పటికన్నా మూడింతల ఖర్చు, ఎక్కడ తగిలితే అక్కడ గీత గీశారు. (ఈ మెట్లు ఎక్కే మెట్లు కావు. ఎక్కే మెట్లను కూడా తమరు సరిగ్గా లెక్కపెట్టరు, ఆ సంగతి తర్వాత.)

ఇప్పుడు తమర్ని కట్టుకున్న, క్యాన్సర్‌కు కీమోథెరపీ ముగిసి ఆరు నెలలైన ఒక 58 ఏళ్ల మనిషిని ఊహించుకోండి. ఉన్న శక్తంతా కూడదీసుకుంటే ఆ ఒంటికి అందేది 5 మెట్లు అనుకుందాం. 2.5 మెట్ల నడకంటే అందులో సగం. ఆ శరీరానికి అది అచ్చమైన మధ్యస్థ వ్యాయామం. 12 మెట్లు అందుకోగల కుర్రవాడికి అదే నడక ఐదో వంతు, చెమట కూడా పట్టదు. దీనికి తోడు, ట్యాక్సేన్ అనే కీమో మందుల వల్ల పాదాలు తిమ్మిరెక్కి, నేల తెలియక, కాళ్లీడ్చుకుంటూ నడిచేవాళ్లుంటారు. వాళ్లకు ఖర్చయ్యే శక్తి ఎక్కువ, తుంటి ఎగిరేది తక్కువ. ఎగరని తుంటి తమ లెక్కలో లేదు. ఆయాసపడుతూ వీధి చివరిదాకా వెళ్లొచ్చిన మనిషికి తమరిచ్చే కితాబు ఒక్కటే: ‘తేలిక’.

ఆ కితాబును విద్యార్థి కళ్లకద్దుకుని పట్టికలో ఎక్కిస్తాడు. ‘క్యాన్సర్ చికిత్స పూర్తయినవారిలో ఎక్కువమంది తగినంత కదలడం లేదు’ అని ముగింపు రాస్తాడు. పక్కనే బోర్గ్ కొలబద్ద ఉంది. 6 నుంచి 20 దాకా అంకెలు చూపించి, ఎంత కష్టంగా ఉందని మనిషినే అడగడం. 12, 13 అంటే మధ్యస్థం. అదీ వద్దనుకుంటే నడిచేటప్పుడు మాట్లాడగలుగుతున్నారా, పాట పాడగలుగుతున్నారా అని చూస్తే చాలు. మాట వచ్చి పాట రాకపోతే మధ్యస్థమే. దీనికి చార్జింగ్ అక్కర్లేదు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు వాడేవాళ్లకు గుండె వేగం మీద ఆధారపడటం కుదరదు గనక, ఈ పాతకాలపు పద్ధతే అక్కడ గట్టిది కూడా. కానీ మనిషి నోటి మాట ‘స్వీయ నివేదన’ అట, నమ్మకూడదట. తమ నోట వచ్చిన అంకె మాత్రం వేదం.

పిల్లల దగ్గర తమ అన్యాయం ఇంకో తీరు. పెద్దలు నడిస్తే నడుస్తూనే ఉంటారు. పిల్లలు ఎగురుతారు, ఆగుతారు, చీమను చూస్తారు, మళ్లీ ఎగురుతారు. 1995లో పిల్లల్ని 3 సెకన్లకోసారి గమనించి రాసుకున్న పరిశోధనలో, తీవ్రమైన ఆట విడత మధ్యగత నిడివి 3 సెకన్లే అని తేలింది. తమర్నేమో కౌంట్లను 60 సెకన్లకొకటి చొప్పున మూటలు కట్టమంటారు. లెక్క చూడండి. ఒక పిల్ల 15 సెకన్లు ఉరికింది: 1100 కౌంట్లు. మిగిలిన 45 సెకన్లు నిలబడి వగర్చింది: మూడు ముక్కల్లో 20 చొప్పున 60. నిమిషం మొత్తం 1160. పిల్లలకు ఎక్కువగా వాడే 2008 నాటి గీతల ప్రకారం మధ్యస్థం మొదలయ్యేది 2296 దగ్గర, కాబట్టి ఆ నిమిషం ‘తేలిక’. అదే 15 సెకన్ల మూటలు కడితే తీవ్రతకు గీత 1003. ఉరికిన 15 సెకన్లూ ‘తీవ్రం’ కింద జమ. గంటలో ఇలా 20 సార్లు ఉరికితే ఒక లెక్కలో 5 నిమిషాల తీవ్ర వ్యాయామం, ఇంకో లెక్కలో గుండుసున్నా. పిల్ల మారలేదు, ఆట మారలేదు, సాఫ్ట్‌వేర్‌లో ఒక గడి మారింది. ఆ గడిలో ఏముందో థీసిస్‌లో రాయని మహానుభావులున్నారు. వాళ్ల ఫలితాలను వేరొకరి ఫలితాలతో పోల్చడం కిలోలను మూరలతో కొలవడమే.

ఆ గీతలు కూడా 5 నుంచి 8 ఏళ్ల వయసున్న 33 మంది పిల్లల దగ్గర పుట్టాయి. వాటినే 15 ఏళ్లవాళ్లకూ కడుతున్నాం, లుకేమియా చికిత్స దాటొచ్చిన పిల్లలకూ కడుతున్నాం. విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు వల్ల పాదం పైకి లేవక జారిపోయే పిల్లాడి పరుగు వేరు. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వాడినవాళ్లలో కొందరికి తుంటి ఎముకకు రక్తం అందక అది లోపల్లోపలే దెబ్బతింటుంది. తమరు కొలువుదీరేది ఆ తుంటి మీదే. పిల్లాడు కుంటుతున్నాడన్న సంగతి తమ ఫైల్‌లో ‘కౌంట్లు తక్కువ’ అని మాత్రమే కనిపిస్తుంది. గంతులు వేయించే కార్యక్రమం మొదలుపెట్టే ముందు ఆ కీలును డాక్టరు చూడాలి. ఆంత్రాసైక్లిన్ అనే కీమో మందులు ఎంత మోతాదు పడ్డాయో చికిత్స పత్రాల్లో చూసుకోవాలి. మొత్తం మోతాదు చదరపు మీటరుకు 250 మిల్లీగ్రాములు దాటితే గుండెకు ముప్పు ఎక్కువన్న వర్గంలోకి వస్తారు. సమ్మతి పత్రంలో బొద్దుగా ‘ప్రమాదాలు లేవు’ అని రాసేసే విద్యార్థి ముందు ఆ కాగితం తిరగేయాలి.

ఇక తమ కళాఖండం: ‘కట్టుకోలేదు’ అనే తీర్పు. వరసగా 60 నిమిషాలు సున్నాలొస్తే బెల్టు తీసేసినట్టే అని ఒక సూత్రం, 90 నిమిషాలని ఇంకొకటి, పిల్లలకు 20 చాలని మరొకటి. క్యాన్సర్ అలసట మామూలు అలసట కాదు, నిద్రతో తీరదు. మధ్యాహ్నం కుర్చీలో కూలబడి గంటన్నర కదలకుండా ఉన్న మనిషి బెల్టు కట్టుకునే ఉంది. తమరు మాత్రం ఆమె ఇంట్లోనే లేదంటారు. రోజుకు 10 గంటలు, వారంలో 4 రోజులు, అందులో ఒకటి సెలవు రోజు: ఇది తమ హాజరుపట్టీ. ఆ గంటన్నర కోత పడితే 10 గంటలు నిండవు, రోజు చెల్లదు. అలాంటివి రెండు మూడు పడితే మనిషే చెల్లదు. బాగా అలసినవాళ్లే జల్లెడలోంచి రాలిపోతారు, ఓపికున్నవాళ్లు మిగులుతారు, సగటు కళకళలాడుతుంది. బెల్టు ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు తీశారు అని చిన్న కాగితం మీద రాయించుకుంటే సగం గొడవ తీరుతుంది. ఆ కాగితం చూసి ఒక్కో రోజును చేత్తో సరిదిద్దడం విసుగు పని. అందుకే అది అనుబంధంలోనే నిద్రపోతుంది.

తమ కంటికి ఆనని పనుల పట్టిక కూడా చిన్నది కాదు. సైకిల్ తొక్కితే తుంటి సీటు మీద కదలదు. ఈతకు బెల్టు విప్పేస్తారు. మెట్లెక్కితే శ్రమ రెట్టింపవుతుంది, కుదుపు కాదు. బరువులెత్తితే తమకు నిద్రొస్తుంది. క్యాన్సర్ చికిత్స దాటినవారికి 2019లో నిపుణులు ప్రకటించిన సిఫార్సు ఏమిటి? వారానికి మూడుసార్లు 30 నిమిషాల ఏరోబిక్ వ్యాయామం, దాంతోపాటు వారానికి రెండుసార్లు బరువులు: ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో కనీసం 60 శాతంతో, 8 నుంచి 15 సార్లు, రెండు విడతలు. రొమ్ము క్యాన్సర్ తర్వాత చెయ్యి వాస్తుందని ఎన్నో ఏళ్లు మహిళలను బరువు ముట్టుకోనివ్వలేదు. 2009లో చేతివాపు ఉన్న 141 మందితో చేసిన ప్రయోగంలో, నిపుణుల కనుసన్నల్లో కొద్దికొద్దిగా బరువు పెంచుకుంటూ పోతే వాపు పెరగలేదని తేలింది. పైగా అది ముదరడం తగ్గింది. అంత కష్టపడి గెలుచుకున్న ఆ బరువుల క్లాసును తమరు ‘కూర్చున్న సమయం’ కింద రాస్తారు.

తమర్ని కట్టడంలో వచ్చే తిప్పలు వేరే. పొట్ట పక్కన స్టోమా సంచి (ఆపరేషన్ తర్వాత మలం లేదా మూత్రం పట్టే సంచి) ఉన్నవారికి బెల్టు దాని మీద నొక్కుకోకూడదు. ప్యాంటు నడుముకు క్లిప్పు పెట్టాలి. మణికట్టుకు కడదామంటే నిబంధన ‘రాయని చేయి’ అంటుంది. ఆపరేషన్ అయిన పక్కదీ, వాపు ఉన్నదీ అదే చేయి అయితే నిబంధనను పక్కన పెట్టాలి, పెట్టిన సంగతి రాయాలి. మణికట్టు లెక్కలకు తుంటి గీతలు వాడకూడదని వేరే చెప్పాలా? చెప్పాలి, వాడుతున్నారు. తమర్ని సిద్ధం చేసే కంప్యూటర్ గడియారం తప్పుంటే, అర్ధరాత్రి 2 గంటలకు బడి మైదానంలో ఆడుకునే పిల్లలు పుట్టుకొస్తారు.

నియమాలు మారిన ముచ్చట ఒకటుంది. పిల్లలకు ‘ప్రతిరోజూ కనీసం 60 నిమిషాలు’ అన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో దాన్ని ‘వారం మొత్తం మీద రోజుకు సగటున 60’ అని మార్చింది. 75, 70, 65, 80, 50, 45, 55 నిమిషాల వారం తీసుకోండి. మొత్తం 440, సగటు దాదాపు 63: పాసు. పాత లెక్కలో మూడు రోజులు ఫెయిలు. పెద్దలకు ఒకప్పుడు వరసగా 10 నిమిషాలు నడిస్తేనే లెక్క. ఇప్పుడు ఆ షరతూ లేదు. సాఫ్ట్‌వేర్‌లో ఆ పాత టిక్కు తీయడం మరిచిపోతే, వంటింటికీ గుమ్మానికీ మధ్య కూడబెట్టుకున్న నిమిషాలన్నీ గాల్లో కలుస్తాయి.

తమ పెద్దన్నగారు, 1965లో జపాన్‌లో ‘మన్‌పో-కే’ పేరుతో అమ్ముడైన అడుగుల మీటరు, ఇంకా ఘనుడు. ఆ పేరుకు అర్థం ‘పదివేల అడుగుల మీటరు’. ఒక వస్తువు పేరు లోకమంతా ఆరోగ్య సూత్రమై కూర్చుంది.

2025లో ఫలితాలు వెలువడిన పెద్దపేగు క్యాన్సర్ ప్రయోగాన్ని తమరు ఒకసారి తలచుకోవాలి. 889 మంది, 3 ఏళ్ల వ్యాయామ కార్యక్రమం. 8 ఏళ్లకు బతికున్నవారు వ్యాయామ బృందంలో 90.3 శాతం, సలహా పుస్తకం మాత్రమే అందుకున్న బృందంలో 83.2 శాతం. ఆ తేడా తెచ్చింది వారం రోజుల బెల్టు కాదు. మూడేళ్లపాటు పిలిచి, మాట్లాడి, పక్కన నిలబడి చేయించిన మనుషులు.

కాబట్టి అయ్యా, రాజీనామా అడగడం లేదు. జడ్జి కోటు విప్పి సాక్షి బోనులోకి రండి. తమ పక్కనే 30 మీటర్ల వరండాలో 6 నిమిషాల నడక పరీక్షా, బోర్గ్ అంకే, బరువుల క్లాసు హాజరూ నిలబడతాయి. ముడి ఫైళ్లు దాచి ఉంచుతాం. మూట 15 సెకన్లు, గీత ఏ అధ్యయనానిది, ‘కట్టుకోలేదు’ సూత్రం ఏది అన్న మూడు ముక్కలూ థీసిస్‌లో తమ పేరు పక్కనే పడతాయి.

ఇట్లు,
తమర్ని చార్జింగ్‌లో పెట్టి నిద్రపోయే విద్యార్థులు

తా.క. ప్రతి విడతలోనూ తమలో ఒకరు తిరిగి రారు. ఏ సోఫా కింద పడున్నారో గానీ, అక్కడ వచ్చే సున్నాలను ‘కట్టుకోలేదు’ అని రాసుకోండి. ఆ ఒక్కచోట తమ తీర్పుకు మేం ఎదురు చెప్పం.