గ్రాంటు ఎక్కడుందో తెలుసు, అడిగే మనిషే లేడు

రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పరిశోధన గురించి ఏ సదస్సు పెట్టినా రెండు మాటలు తప్పక వినిపిస్తాయి. ఒకటి, డబ్బుల్లేవు. రెండు, ఏ గ్రాంటు ఎక్కడ దొరుకుతుందో మన అధ్యాపకులకు తెలియదు, అవగాహన కల్పించాలి. ఇంకేం, మర్నాడే ఒక వర్క్‌షాప్, ఓ సమోసా, ఓ సర్టిఫికెట్. మొదటి మాటలో నిజముంది. రెండోదాన్ని మాత్రం నేను ఒప్పుకోను.

డబ్బు సంగతి చూద్దాం. 2020-21లో పరిశోధన మీద దేశం మొత్తం పెట్టిన ఖర్చు జీడీపీలో 0.64 శాతం. అందులో ఉన్నత విద్యాసంస్థల వాటా 9 శాతం కూడా లేదు. ఐఐటీలు, కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, మన ఉస్మానియా, ఆంధ్రా, కాకతీయ, శ్రీ వెంకటేశ్వర అన్నీ ఆ కాస్తలోనే సర్దుకోవాలి. దేశంలో ఉన్నత విద్య చదివేవాళ్లలో 80 శాతం పైగా రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల పరిధిలోనే ఉన్నారని 2025లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. పిల్లలు ఇక్కడ, పైసలు అక్కడ.

ఈ తేడా తగ్గించడానికే అన్నట్టు 2023లో అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ చట్టం తెచ్చారు. పరిశోధనలకు నిధులిచ్చేందుకు 2008 నాటి చట్టంతో ఏర్పడిన కేంద్ర బోర్డు ‘సెర్బ్’ ఇందులో కలిసిపోయింది. ఐదేళ్లకు 50 వేల కోట్లన్నారు. అయితే అందులో దాదాపు 36 వేల కోట్లు ప్రభుత్వం బయటి నుంచి, అంటే కంపెనీలు, దాతల నుంచి రావాలని లెక్క. వచ్చినప్పుడు చూద్దాం.

ఇక అవగాహన. ఇవాళ ఏ స్కాలర్‌ను అడిగినా ఫోన్ తీసి రెండు నిమిషాల్లో నోటిఫికేషన్లు చూపిస్తారు. శాఖల వాట్సాప్ గ్రూపుల నిండా అవే. అసలు చిక్కు ఆ నోటిఫికేషన్‌లో అర్హతలు రాసిన చోట ఉంది. కొత్తగా చేరిన అధ్యాపకుల కోసం ఫౌండేషన్ ఇచ్చే ప్రైమ్ మినిస్టర్ ఎర్లీ కెరీర్ గ్రాంట్ తీసుకోండి. శాశ్వత ఉద్యోగం ఉండాలి, వయసు సాధారణంగా 42 దాటకూడదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పదేళ్లకు పైగా రెగ్యులర్ నియామకం అన్నదే చూడని శాఖలున్నాయి. అక్కడ పాఠం చెప్పేది కాంట్రాక్ట్ అధ్యాపకులు, పార్ట్‌టైమ్ వాళ్లు. వాళ్లలో మంచి పేపర్లు రాసినవాళ్లున్నారు, విదేశాల్లో పోస్ట్‌డాక్ చేసి వచ్చినవాళ్లూ ఉన్నారు. కానీ ప్రాజెక్టుకు పీఐగా, అంటే ప్రధాన పరిశోధకుడిగా, సంతకం పెట్టే అర్హత వాళ్లకు లేదు. రెగ్యులర్ ప్రొఫెసర్‌కు పీఐ అర్హత ఉంటుంది కానీ వయసు 55, పైగా హాస్టల్ వార్డెన్ బాధ్యత. పథకం పేరులో ‘ఎర్లీ కెరీర్’ అని ఉంది. మన శాఖల్లో ఆ వయసు మనిషికి కుర్చీయే లేదు. నియామకాలు ఆపిన ప్రతి ఏడాదీ జీతాలు మిగిలాయనుకున్నాం. ఆ ఖాళీల వల్ల చేజారిన కేంద్ర గ్రాంట్లను ఎవరూ లెక్క కట్టలేదు.

సరే, ఎవరో ఒకరు అప్లై చేశారు, ప్రాజెక్ట్ వచ్చింది. అసలు టెన్షన్ అప్పుడు మొదలవుతుంది. నాకు బాగా తెలిసిన ఒక అధ్యాపకుడు పరికరం కొనడానికి మూడు కొటేషన్లతో ఫైలు పెట్టారు. ఆ ఫైలు కొనుగోళ్ల కమిటీకి వెళ్లి, ఫైనాన్స్ సెక్షన్‌లో కొర్రీ పడి, తిరిగి వచ్చేసరికి కొటేషన్ల గడువే అయిపోయింది. మళ్లీ మొదటికి. ఇంతలో మార్చి 31 వచ్చింది. ఖర్చు కాని సొమ్ముకు సంజాయిషీ రాయాలి, యూసీ, అంటే నిధుల వినియోగ ధ్రువపత్రం పంపాలి. యూసీ వెళ్తే గానీ తర్వాతి వాయిదా రాదు. వాయిదా రాకపోతే ప్రాజెక్టులో ఉన్న జేఆర్‌ఎఫ్‌కు (జూనియర్ రీసెర్చ్ ఫెలోకు) ఫెలోషిప్ ఆగిపోతుంది. కాగితం మీద అది నెలకు 37 వేలు, 2023 జనవరి నుంచి పెంచినదే. నాలుగు నెలలు రాకపోతే ఆ కుర్రాడు గది అద్దె ఎలా కట్టాలి? ‘సార్, ఇంకో ప్రాజెక్ట్ రాయండి’ అని ఆయనతో ఎవరైనా అంటే ఇప్పుడు దణ్ణం పెడుతున్నారు.

ఐఐటీల్లో ఈ పని అధ్యాపకుడి నెత్తిన వేయరు. ఖరగ్‌పూర్‌లో, మద్రాసులో ప్రాజెక్టుల కోసమే ప్రత్యేక విభాగాలున్నాయి. బడ్జెట్ లెక్కలు, కొనుగోళ్లు, నియామకాలు, ఆడిట్ చూసుకునే సిబ్బంది అక్కడ ఉంటారు. మన దగ్గర రీసెర్చ్ సెల్ డైరెక్టర్ అంటే అదనపు బాధ్యతలున్న ఒక ప్రొఫెసర్, ఒక అటెండరు, విద్యాసంస్థలకు గ్రేడ్లిచ్చే న్యాక్ బృందం వచ్చే ముందు తుడిచే బోర్డు. ప్రాజెక్టుతోపాటు నిర్వహణ ఖర్చుల కింద విశ్వవిద్యాలయానికి వచ్చే ఓవర్‌హెడ్ సొమ్ము సరిగ్గా ఇలాంటి ఆఫీసు నడపడానికే. చాలాచోట్ల అది సాధారణ ఖాతాలో పడి జీతాలకో పెన్షన్లకో సరిపెట్టే లెక్కల్లో కలిసిపోతుంది. వీసీల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. ఒకటో తారీఖున పెన్షనర్లు గేటు దగ్గర కూర్చుంటే ఎవరైనా ముందు అదే చూస్తారు. కానీ విత్తనాల కోసం దాచిన వడ్లు వండుకుంటే వచ్చే కారుకు ఏం చల్లుతారు?

ఫౌండేషన్ తెచ్చిన పెయిర్ పథకం ఈ విషయంలో కొంత మెరుగే. పెద్ద సంస్థ హబ్‌గా ఉండి చుట్టూ చిన్న సంస్థల్ని కలుపుకుని పనిచేయాలి. హబ్‌ల జాబితాలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉంది. గ్రాంటు అడగడం, నడపడం అలవాటున్న సంస్థ పక్కన నిలబడితే ఆ విద్య కొంతైనా అబ్బుతుంది. అంతకు ముందే సెర్బ్ పెట్టిన టేర్ పథకంలోనూ ఇదే ఆలోచన. కాలేజీ అధ్యాపకుడు ఏడాదిలో కనీసం 90 రోజులు పెద్ద సంస్థలో పనిచేసి రావాలి. అయితే 90 రోజులు వదిలిపెట్టి వెళ్లాలంటే ఆ క్లాసులు చెప్పే ఇంకో మనిషి ఉండాలి. మళ్లీ అదే ఖాళీల దగ్గరికొచ్చాం.

సామాజిక శాస్త్రాల వాళ్ల అవస్థ ఇంకో రకం. ఆ శాస్త్రాల పరిశోధనకు నిధులిచ్చే కేంద్ర మండలి ఐసీఎస్‌ఎస్‌ఆర్ దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉస్మానియా ఆవరణలోనే ఉంది. తెలుగులో రాసే పరిశోధకుడికి మాత్రం అది ఢిల్లీ అంత దూరం. ప్రపోజల్ రాయాల్సింది ఇంగ్లిష్‌లోనో హిందీలోనో మరి.

తట్టని తలుపు ఇంకొకటుంది. 2019 సవరణతో కంపెనీల చట్టం షెడ్యూల్ 7 కింద, ప్రభుత్వ నిధులతో నడిచే విశ్వవిద్యాలయాల పరిశోధనకు కంపెనీలు సీఎస్‌ఆర్ సొమ్ము, అంటే సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే డబ్బు ఇవ్వొచ్చు. ఉస్మానియాకు జీడిమెట్ల, జీనోమ్ వ్యాలీ ఎంత దూరం? ఆంధ్రాకు పరవాడ ఫార్మా సిటీ ఎంత దూరం? ఫలానా ల్యాబ్‌లో ఫలానా యంత్రం మూలనపడింది, బాగు చేయిస్తే ఇంతమంది స్కాలర్లు, ఈ పని, ఇంత ఖర్చు అని ఒక్క పేజీ చేతిలో పెట్టుకుని వెళ్లాలి. ఒకచోట ఈ మాటే చెప్పి, ఆ పేజీ మీ దగ్గర ఎవరు తయారు చేస్తారని అడిగాను. సెక్షన్‌లో పెద్దాయన కళ్లజోడు సవరించుకుని అన్నారు: ‘మీరే రాసుకు రండి సార్, సంతకం పెట్టిస్తాం.’