పిల్లికి టైమ్ అక్కర్లేదని ఎవరన్నారు?

కుక్కను పెంచుకోవాలా, పిల్లినా అని సలహా అడిగేవాళ్లు చాలావరకు సగం నిర్ణయం అయిపోయాకే అడుగుతారు. ‘‘కుక్కంటే ఇష్టమే, కానీ తిప్పే టైమ్ లేదు. పిల్లయితే దాని పని అదే చూసుకుంటుంది కదా!’’ మొన్న ఒక మిత్రుడూ ఇదే అన్నాడు. మొదటి మాట నిజాయితీగానే ఉంది. నా పేచీ రెండో మాటతో.

కుక్క దగ్గర దాపరికాలు ఉండవు. తోడేళ్ల నుంచి వేరుపడి, కనీసం 15,000 ఏళ్లుగా మనిషి వెంటే తిరుగుతున్న జీవి అది. మన ఇల్లే దాని గుంపు. రోజంతా ఒంటరిగా వదిలేస్తే మొరుగుతుంది, తలుపు గీకుతుంది, చెప్పులు కొరికేస్తుంది. పక్కింటివాళ్లు వచ్చి బెల్ కొట్టేదాకా ఊరుకోదు. వాన పడినా, మనకు జ్వరమొచ్చినా దాన్ని బయటికి తీసుకెళ్లాల్సిందే. పొద్దున్నే లేచేది ఎవరో తేల్చుకోకుండా కుక్కపిల్లను తెచ్చుకున్న ఇంట్లో నెల తిరక్కుండానే వంతుల గొడవ మొదలవుతుంది. పిల్లల ముచ్చట కోసం వచ్చిన కుక్క చివరికి అమ్మ డ్యూటీ అయి కూర్చుంటుంది.

పిల్లి దారి వేరు. వ్యవసాయం మొదలయ్యాక, ధాన్యం కోసం వచ్చిన ఎలుకల వెంటపడి తనంతట తానే మన దగ్గరికి చేరింది. సైప్రస్‌లో సుమారు 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి పక్కనే పిల్లి అస్థిపంజరం దొరికింది. అంటే స్నేహం పాతదే. కానీ దాని పూర్వీకులు ఒంటరిగా వేటాడిన అడవి పిల్లులు. ఒంట్లో బాగోలేదని బయటపడితే ప్రమాదం కాబట్టి, నొప్పిని దాచుకోవడం దానికి అలవాటు. చిక్కంతా అక్కడే.

మగ పిల్లి లిట్టర్ ట్రేలోకి, అంటే మలమూత్రాల కోసం ఇసుక పోసి పెట్టిన పళ్లెంలోకి వెళ్తుంది. కాసేపు కూర్చుని, ఇసుక తడవకుండానే లేచొస్తుంది. పది నిమిషాల్లో మళ్లీ వెళ్తుంది. చూసినవాళ్లు మలబద్ధకం అనుకుంటారు. నిజానికి మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. వెంటనే వైద్యం అందకపోతే రెండు మూడు రోజుల్లోనే ప్రాణం పోతుంది. పిల్లి సహజంగానే నీళ్లు తక్కువ తాగుతుంది, దాని మూలాలు పొడి నేలల్లో ఉన్నాయి మరి. అందుకే రోజూ ట్రే శుభ్రం చేయడమంటే దాని ఆరోగ్యాన్ని చదవడమే. కుక్కకు మన కాళ్లతో పని, పిల్లికి మన కళ్లతో పని.

తిండి సంగతీ ఇంతే. మాంసం లేకుండా పిల్లికి కుదరదు. టారిన్ అనే పోషకం అందకపోతే గుండె, చూపు దెబ్బతింటాయి. కళ్లు మూసుకుని పాలు తాగుతుందని సామెత చెప్పుకుంటాం గానీ, పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. మనకు వేసుకునే పారాసెటమాల్ మాత్ర కూడా దానికి విషమే.

ప్రేమ ఎవరిది ఎక్కువ అన్న తగువులోకి నేను దిగను. తాళంచెవి చప్పుడుకే కుక్క గుమ్మంలో ఉంటుంది. పిల్లి గది అవతల కూర్చుని, మనవైపు చూస్తూ మెల్లగా కళ్లు మూసి తెరుస్తుంది. అది దాని పలకరింపు. మనం కూడా అలాగే చేస్తే చాలాసార్లు బదులిస్తుంది.

రోజూ ఎలాగూ నడకకు వెళ్లేవాళ్లు, ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవాళ్లు కుక్కను తెచ్చుకోవచ్చు. పగలు ఆఫీసు, సాయంత్రాలు ఇల్లు అయితే పెద్దయిన పిల్లి నయం, పిల్లికూన వద్దు. ఎలర్జీ ఉందేమో ముందే చూసుకోవాలి. నెలలో సగం రోజులు ప్రయాణాల్లో ఉండేవాళ్లకు రెండూ వద్దనే చెబుతాను. ఇంట్లో పెరిగే పిల్లి 15 ఏళ్లు దాటి బతకడం మామూలే.

మొన్నటి మిత్రుడిని ఒకటే అడిగాను: నువ్వు నాలుగు రోజులు ఊరెళ్తే ఆ ట్రే వైపు చూసేదెవరు? కాసేపు ఆలోచించి, ఫోన్ తీసి వాళ్ల చెల్లెలికి కాల్ చేశాడు.