అడ్మిన్ ఎవరు?

మా అపార్ట్‌మెంట్ జమాఖర్చులు నా లాప్‌టాప్‌లో ఉంటాయి. అసలు ట్రెజరర్ గారు కూతురి పురుటికని అమెరికా వెళ్ళారు. ఆ వారం మీటింగుకి నేను ఆలస్యంగా వెళ్ళాను. ఆలస్యంగా వచ్చినవాడి నెత్తిన పదవి పెట్టడం మా అసోసియేషన్ ఆనవాయితీ. మొన్న ఆదివారం జనరల్ బాడీ. సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలు, రెండు స్తంభాల మధ్య 204 వాళ్ళ తెల్ల దుప్పటి, ఎవరి ఆఫీసు నుంచో తెచ్చిన ప్రొజెక్టర్. ఏప్రిల్ నుంచి మార్చి దాకా లెక్కలన్నీ ఆ దుప్పటి మీద చూపించాలి. ప్రెసిడెంట్ గారికి తొందరెక్కువ. నేను లాప్‌టాప్ ఆన్ చేయకముందే వైరు తగిలించేశారు.

దాంతో నా లాప్‌టాప్ నిద్ర లేచే వైభవమంతా సెల్లార్‌లో ఉన్నవాళ్ళందరూ కళ్ళారా చూశారు.

ముందు ప్రింటర్ తాలూకు కిటికీ వచ్చింది. ప్రింటర్ కనబడటం లేదు, కేబుల్ సరిచూసుకోండి అంది. కనబడదు. దాన్ని పాత సామాన్లవాడికి అమ్మేసి చాలా కాలమైంది. దాని సాఫ్ట్‌వేర్ మాత్రం రోజూ పొద్దున్నే లేచి దాని కోసం వెతుక్కుంటూనే ఉంది. ఆ వెనకే యాంటీవైరస్ వచ్చింది. ఉచితంగా వాడుకునే గడువు అయిపోయింది, మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది అని దుప్పటంతా ఎర్రగా చేసింది. "అయితే మన లెక్కలు భద్రమేనా?" అని వెనక వరసలోంచి ఎవరో అడిగారు. భద్రమేనన్నాను. అంతలో మా వాడు ఎప్పుడో ఎక్కించుకున్న గేముల ప్రోగ్రామ్ లేచింది. సగం ధరకే అమ్మకం అట. కత్తి పట్టుకున్న ఒక వీరనారి, ఒంటి మీద కవచం తప్ప పెద్దగా ఏమీ లేకుండా, దుప్పటి ఈ చివర నుంచి ఆ చివర దాకా నిలబడింది.

"ఇది ఏ హెడ్డు కింద వస్తుంది బాబూ?" అన్నారు 101 ఆంటీ. "లిఫ్ట్ మెయింటెనెన్స్ కిందా?"

మూలనున్న గుణకారం గుర్తు నొక్కాను. వీరనారి పోయింది కానీ, వెళ్తూ వెళ్తూ గడియారం పక్కన చిన్న బొమ్మగా కూర్చుంది. ఇవి మూసేస్తే పోయే రకం కావు. పిలవని పేరంటానికి వచ్చి, తాంబూలం ఇచ్చినా కదలకుండా వరండాలో కూర్చునే బాపతు. ఏదో పని ఉండి మనం ఒక ప్రోగ్రామ్‌ని ఇన్‌స్టాల్ చేస్తాం. చివరి పేజీలో, కంప్యూటర్‌తో పాటే నన్నూ లేపు అన్న గడిలో టిక్కు ముందే పెట్టి ఉంటుంది. నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుపోయే వేలికి అది కనబడదు. కనబడకూడదనే అక్కడ పెట్టారు.

వీటిని ఆపే చోటు విండోస్ 8 నుంచి, అంటే 2012 నుంచి, టాస్క్ మేనేజర్‌లోనే (కంప్యూటర్‌లో ఏమేం నడుస్తున్నాయో చూపించే కిటికీ అది) ఉంది. స్టార్టప్ అని ఒక ట్యాబ్, అందులో ఎవరి వల్ల ఎంత భారమో కూడా రాసి ఉంటుంది. లేవగానే ప్రాసెసర్‌ని ఒక సెకను మించి వాడుకున్నా, డిస్కు మీద 3 ఎంబీ మించి చదవడమో రాయడమో చేసినా దాని ఎదురుగా 'హై' అని పడుతుంది. నా లాప్‌టాప్‌లో ఆ వరస పై నుంచి కింద దాకా చూస్తే 'హై' తప్ప ఇంకోటి కనబడదు. ఒకసారి కూర్చుని అన్నీ డిజేబుల్ చేశాను కూడా. ప్రింటర్ వాళ్ళు అప్‌డేట్ అని ఒకటి పంపారు, మళ్ళీ అంతా ఎప్పటిలాగే.

సరే, కాసేపటికి హడావిడి సద్దుమణిగింది. ఫోల్డర్ తెరిచాను. 'మెయింటెనెన్స్ ఫైనల్ ఫైనల్ 2' అన్న ఎక్సెల్ ఫైల్ మీద ఒకసారి నొక్కాను. కుడిపక్క ప్రివ్యూ అని ఒక గడి ఉంది, దాంట్లో ఫైల్ కనబడబోయి ఆగిపోయింది. పోనీలే అని డబుల్ క్లిక్ చేశాను. దుప్పటి మధ్యలో ఇంగ్లీషులో ఒక మెసేజ్ పడింది.

402లో ఉండే రిటైర్డ్ ఇంజనీర్ గారికి ఒక అలవాటు ఉంది. ఎక్కడ అక్షరాలు కనబడినా పైకి చదువుతారు, ఆపైన తెలుగులో చెబుతారు. లిఫ్ట్‌లో ఎంతమంది ఎక్కొచ్చో రాసిన బోర్డుని ఇన్నేళ్ళుగా రోజూ చదువుతున్నారు. ఆయన లేచి, కళ్ళద్దాలు సవరించుకుని, సెల్లార్ మారుమోగేలా చదివారు.

"మెయింటెనెన్స్ ఫైనల్ ఫైనల్ 2... లాక్ చేయబడినది. ఎవరిచేత? అడ్మిన్ చేత!"

ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత కుర్చీలన్నీ ఒకేసారి కిర్రుమని 503 గారి వైపు తిరిగాయి.

ఇక్కడ కొంచెం పూర్వకథ చెప్పాలి. 503 గారు మా వాట్సాప్ గ్రూపు అడ్మిన్. మొన్న వేసవిలో బోరు ఎండిపోయి, మంజీరా నీళ్ళు రెండు రోజులకోసారి వస్తూ, ట్యాంకర్ డబ్బులు ఎవరెంత ఇవ్వాలన్న దగ్గర గ్రూపులో పెద్ద గొడవైంది. పై అంతస్తుల వాళ్ళు ఎక్కువ వాడుతున్నారని కింది వాళ్ళు, కింది వాళ్ళు కార్లు కడుగుతున్నారని పై వాళ్ళు. ఆ రాత్రి 503 గారు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, అడ్మిన్‌లు మాత్రమే మెసేజ్ పెట్టగలిగేలా మార్చేశారు. ఇంకో అడ్మిన్ ఎవరూ లేరు. అప్పటి నుంచి ఆ గ్రూపులో ఆయన శుభోదయాలు, ఆయన వాకింగ్‌లో తీసిన పూల ఫోటోలు, ఆయన ఆరోగ్య చిట్కాలు. మేమంతా చూస్తాం. బొటనవేలు బొమ్మ పెట్టే స్వేచ్ఛ మాత్రం ఉంది.

కాబట్టి, లాక్ చేసింది అడ్మిన్ అనగానే జనానికి ఆశ్చర్యం కలగలేదు. వీళ్ళు ఎన్నాళ్ళుగానో ఎదురు చూస్తున్న సాక్ష్యం, ఇంత పెద్ద అక్షరాల్లో, 204 వాళ్ళ దుప్పటి మీద దొరికింది.

"గ్రూపుకి తాళం వేశారు, ఊరుకున్నాం," అన్నారు 101 ఆంటీ. "ఇప్పుడు లెక్కలకి కూడానా అన్నయ్యగారూ?"

503 గారు లేచారు. "అమ్మా, నాకు ఎక్సెల్ రాదు. మా అబ్బాయి మీద ఒట్టు."

"రాకపోతే లాక్ ఎలా చేశారు?"

"చేయలేదంటున్నాను కదా!"

"మరి అడ్మిన్ ఇంకెవరున్నారు?"

నేను మధ్యలో దూరి చెప్పబోయాను. ఆ అడ్మిన్ ఈయన కాదండీ, నేనే. అంటే నేను కూడా కాదు. ఈ లాప్‌టాప్‌ని ఫార్మాట్ చేసిన షాపు కుర్రాడు, పేరు రాయమని అడిగిన గడిలో నా పేరు అడిగే ఓపిక లేక అడ్మిన్ అని కొట్టాడు. ఎక్సెల్ ఒక ఫైల్‌ని తెరిచినప్పుడు పక్కనే ఇంకో చిన్న ఫైల్‌ని దాచి పెడుతుంది, ఎవరు తెరిచారో ఆ పేరు అందులో రాసుకుంటుంది, అందుకని... ఇంత దూరం వచ్చేసరికి నా గొంతు నాకే అనుమానంగా వినిపించింది. ఎవరి కాపురంలోనూ వేలు పెట్టని వాచ్‌మన్ కూడా నా వైపు అదోలా చూశాడు.

"అంటే మీరే లాక్ చేసి, మీరే తెరవలేకపోతున్నారా?" అన్నారు ప్రెసిడెంట్ గారు.

సాంకేతికంగా అంతే. ఒప్పుకుంటే పరువు పోతుంది, ఒప్పుకోకపోతే 503 గారి ప్రాణం పోయేలా ఉంది.

దుప్పటి మీద మెసేజ్ కింద మూడు బటన్లున్నాయి. మొదటిది రీడ్ ఓన్లీ. నొక్కబోతుంటే 402 గారు దాన్నీ తెలుగు చేశారు. "చదవడానికి మాత్రమే!" సెల్లార్ భగ్గుమంది. చదవడానికి మాత్రమేనా, అడగడానికి లేదా, గ్రూపులోనూ ఇంతే, ఇక్కడా ఇంతేనా అని కింది అంతస్తుల వాళ్ళంతా ఒక్కటయ్యారు. ట్యాంకర్ గొడవలో కూడా అంత ఐకమత్యం నేను చూడలేదు.

పోనీ ఆ ఫైల్‌కి కాపీ తీసి దాన్ని తెరుస్తానన్నాను.

"కాపీయా?" అన్నారు 402 గారు మెల్లగా. "అంటే అసలు లెక్క ఒకటి, మాకు చూపించే లెక్క ఒకటి."

ముప్పై ఏళ్ళ గవర్నమెంటు సర్వీసు. ఆయనకి తోచేది ఆయనకి తోస్తుంది. కాపీ మాట వదిలేశాను. ఫైల్ పేరు మార్చి చూద్దామంటే, ఇది ఎక్సెల్‌లో తెరిచి ఉంది కాబట్టి కుదరదని విండోస్ ఇంకో మెసేజ్ ఇచ్చింది. కింద చూస్తే ఎక్సెల్ ఎక్కడా లేదు. తెరిచి లేని ప్రోగ్రామ్‌లో తెరిచి ఉందట.

"రీస్టార్ట్ చేయండి, అన్నీ అవే సర్దుకుంటాయి," అని ఎవరో అన్నారు. మంచి సలహానే. నిజంగా సర్దుకునేది కూడా. కానీ రీస్టార్ట్ అంటే మళ్ళీ ఆ ప్రింటర్, మళ్ళీ ఆ ఎర్ర ప్రమాదం, మళ్ళీ ఆ వీరనారి. నేను నోరు తెరవకముందే మా ఆవిడ ఆడవాళ్ళ వరసలోంచి, "వద్దండీ!" అంది. ఆ ఒక్క మాటతో రీస్టార్ట్ ప్రతిపాదన వీగిపోయింది.

అప్పుడు లేచాడు 204 వాళ్ళబ్బాయి. దుప్పటి వాళ్ళది కాబట్టి వాడికి కొంత అధికారం ఉందనుకున్నాడేమో. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. "అంకుల్, జరగండి," అని కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కాడు. టాస్క్ మేనేజర్ వచ్చింది. నా లాప్‌టాప్‌లో ఏమేం నడుస్తున్నాయో ఆ జాబితా దుప్పటి మీద పారింది. 402 గారు వదులుతారా? ఒక్కొక్కటే చదువుకుంటూ వచ్చి, ఒక చోట ఆగిపోయారు.

"రన్‌టైమ్ బ్రోకర్."

"బ్రోకరా?" ప్రెసిడెంట్ గారు ఉలిక్కిపడ్డారు. "బ్రోకర్లని గేటు లోపలికి రానివ్వకూడదని పోయినేడు తీర్మానం చేశాం కదండీ!"

అది విండోస్‌లో భాగమని, స్టోర్ నుంచి వచ్చిన యాప్‌లకి ఏయే అనుమతులున్నాయో చూసే ప్రోగ్రామ్ అని కుర్రాడు చెప్పాడు. ఎవరూ వినలేదు. ఆరువందల రెండు అద్దెకిచ్చినప్పుడు కమిషన్ ఎవరు తిన్నారన్న చర్చ అప్పటికే మొదలైంది.

ఆ సందట్లో వాడు డీటెయిల్స్ ట్యాబ్‌లోకి వెళ్ళి చూపించాడు. కిటికీ ఏమీ లేకుండా ఒక ఎక్సెల్ లోపల్లోపల నడుస్తూనే ఉంది. ఇందాక ప్రివ్యూ గడి కోసం లేచి, ఆగిపోయి, నా ఫైల్‌ని గట్టిగా పట్టుకుని కూర్చున్నది అదే. వాడు ఎండ్ టాస్క్ కొట్టాడు. అయిపోయింది. ఇంత రాద్ధాంతానికి మందు ఆ ఒక్క నొక్కు.

వాడు అక్కడితో ఆగి ఉంటే వాడి మీద నాకు గౌరవం మిగిలేది. "ఇలాంటప్పుడు రిసోర్స్ మానిటర్‌లో సీపీయూ ట్యాబ్‌కి వెళ్ళి ఫైల్ పేరు వెతకాలి అంకుల్, ఎవరు పట్టుకున్నారో చెప్పేస్తుంది. లేదంటే పవర్‌టాయ్స్‌లో ఫైల్ లాక్‌స్మిత్ ఉంది. స్టార్టప్ వాటికి టాస్క్ మేనేజర్ ఒక్కటే చాలదు అంకుల్, రిజిస్ట్రీలో దూరేవి, షెడ్యూల్డ్ టాస్కుల్లో దూరేవి ఉంటాయి, ఆటోరన్స్‌తో అన్నీ ఒకే చోట కనబడతాయి. లైనక్స్‌లో అయితే ఈ గొడవే లేదు, తెరిచి ఉన్న ఫైల్‌ని కూడా తీసేయొచ్చు." నా లెక్కల ఫైల్‌ని తీసేయొచ్చు అన్న ముక్క ఒక్కటే ముందు వరసకి వినబడింది. మళ్ళీ కుర్చీలు కిర్రుమన్నాయి. ఈసారి నా వైపు.

చివరికి ఫైల్ తెరుచుకుంది. అప్పటికి టీలు చల్లారిపోయాయి, సమోసాలు అయిపోయాయి, పిల్లలు స్తంభాల చుట్టూ దొంగ పోలీస్ ఆడుతున్నారు. డీజిల్ ఖర్చు దగ్గర ఒక గడిలో అంకెలకి బదులు వరసగా దడి కట్టినట్టు # గుర్తులు పడ్డాయి, నిలువు గడి ఇరుకైతే ఎక్సెల్ అలాగే చూపిస్తుంది. 402 గారు దాన్ని కూడా చదవడానికి ప్రయత్నించారు. ప్రెసిడెంట్ గారు మాత్రం టైమైపోయిందని చెప్పి లెక్కలు వచ్చే ఆదివారానికి వాయిదా వేశారు.

503 గారు మాత్రం కదలలేదు. తన నిర్దోషిత్వం మినిట్స్ పుస్తకంలో ఎక్కేదాకా కుర్చీ దిగనన్నారు. సెక్రటరీ గారు రాశారు. "లెక్కల ఫైల్‌ని లాక్ చేసిన అడ్మిన్, మన అడ్మిన్ కాదని సభ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది." ఏకగ్రీవం అన్నది అబద్ధం. 101 ఆంటీ చెయ్యెత్తలేదు.

ఈ పొద్దున ఫోన్ తీస్తే, 503 గారు గ్రూపులో నన్ను అడ్మిన్ చేసి, తాను లెఫ్ట్ అయిపోయారు. సెట్టింగ్ మార్చడానికి నాకింకా తీరిక దొరకలేదు. 101 ఆంటీ అప్పుడే నాకు విడిగా రెండు మెసేజ్‌లు పెట్టారు, మంజీరా ఇవాళ వస్తుందా రాదా, గ్రూపు తాళం ఎప్పుడు తీస్తున్నావని.