బోల్టు తోక జోలికి పోకండి

సెలవులకి విశాఖ వచ్చే మన అమెరికా కుర్రాళ్ళ ఫోన్లలో పిల్లల ఫొటోల తర్వాత ఈమధ్య నాకు ఎక్కువగా కనిపిస్తున్నవి ఏఆర్-15 రైఫిల్ బోల్టులు, అంటే తూటా వెనక గొట్టాన్ని మూసి తాళం వేసే ఉక్కు ముక్కలు. వాటి వెనక కొనే తోక. నల్లగా ఉన్నప్పుడు తీసింది ఒకటి, గీకి గీకి తెల్లగా చేశాక తీసింది ఒకటి. పోలీసు బెటాలియన్లో ఆర్మరర్‌గా, అంటే తుపాకుల మరమ్మతు చూసేవాడిగా చేసి రిటైరైనవాణ్ణి కదా, చూసి మెచ్చుకుంటానని వాళ్ళ ఆశ. నేను మెచ్చుకోను. ఆ చాకిరీలో చాలావరకు వృథా, కొంత నష్టం కూడా. గీకాల్సిన చోట్లు మాత్రం ఆ ఫొటోల్లో కనపడవు.

మా అల్లుడుగారిదీ ఇదే వరస. డాలస్ నుంచి వీడియో కాల్ చేసి, "మావయ్యగారూ, రాత్రంతా సాల్వెంట్లో నానబెట్టానండీ, తోక దగ్గర ఇంకా నల్లగానే ఉంది" అన్నారు. ఉండనివ్వండి బాబూ అన్నాను. ఆయనకి రుచించలేదు. దాన్ని గీకడానికే ప్రత్యేకంగా ఒక పనిముట్టు కొన్నారట మరి.

ఈ మెరుపు పిచ్చి ఎక్కడిదో నాకు తెలుసు. మేమే నేర్పాం. ఒకప్పుడు .303 రైఫిల్ తూటా క్యాప్‌లో (పిన్ కొట్టగానే అంటుకునే అడుగు బిళ్ళలో) పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక అది పొటాషియం క్లోరైడ్‌గా మారి గొట్టంలో మిగులుతుంది. అదీ ఒక ఉప్పే. గాలిలో తేమని లాక్కుని ఉక్కుని తినేస్తుంది. నూనెకి కరగదు, నీటికే కరుగుతుంది. అందుకని ఫైరింగ్ అయ్యాక గరాటు పెట్టి మరిగే నీళ్ళు పోసి, పుల్‌త్రూ తాడుకి చిందీ (గుడ్డముక్క) కట్టి లాగి, ఆరాక నూనె రాసేవాళ్ళు. కోత్‌లో (ఆయుధాల గదిలో) తనిఖీకి వచ్చిన అధికారి తెల్ల రుమాలు వేలికి చుట్టి తిప్పితే మరక అంటకూడదు. అప్పట్లో ఆ పట్టుదలకి అర్థం ఉంది. ఇప్పుడు అమెరికా షాపుల్లో దొరికే కొత్త తూటాల్లో ఆ ఉప్పు ఉండదు. చవగ్గా వస్తుందని సోవియట్ కాలపు పాత సరుకు పెట్టెలకొద్దీ కొనేవాళ్ళు మాత్రం నీళ్ళ సంగతి మరచిపోకూడదు. మిగతావాళ్ళకి ఉప్పు పోయింది, రుమాలు మిగిలింది.

ఇక తోక సంగతి. ఏఆర్‌లో మా పోలీసు రైఫిల్ ఎస్సెల్లార్‌లోలాగా గొట్టం మీద పిస్టన్ ఉండదు. గొట్టం నుంచి వచ్చిన గ్యాస్ సన్నటి నాళం గుండా నేరుగా బోల్టుని మోసే బోల్ట్ క్యారియర్ కడుపులోకి వచ్చి, బోల్టు తోక చుట్టూ ఉన్న ఖాళీలో వ్యాకోచించి క్యారియర్‌ని వెనక్కి తోస్తుంది. మందు కాలిన మసి, ఆవిరైన నూనె అక్కడే పొరలు పొరలుగా పేరుకుని, దోసె పెనం అంచున కట్టిన మాడులా గట్టిపడతాయి. కానీ ఆ మాడు ఒక మందానికి వచ్చాక ఇక పెరగదు. తోకకీ క్యారియర్‌కీ మధ్య ఉన్న సందే దానికి హద్దు. గ్యాస్‌ని ఆపే పని తోకది కాదు, దాని ముందున్న మూడు రింగులది. రింగులు బాగున్నాయో లేదో తెలియాలంటే బోల్టుని ముందుకి లాగి, క్యారియర్‌ని బోల్టు ముఖం మీద నిలబెట్టండి. తన బరువుకే కుంగి కూర్చుంటే రింగులు మార్చాలి. నిలబడితే తోక ఎంత నల్లగా ఉన్నా పరవాలేదు. ఉక్కు గీకుడుతో దాన్ని అద్దంలా చేయబోతే ఫినిష్ పోతుంది, గీతలు పడతాయి, తర్వాతి మసి ఆ గీతల్లో ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

ఎస్సెల్లార్‌ది వేరే కథ. దాని గ్యాస్ ప్లగ్, పిస్టన్, సిలిండర్ శుభ్రంగా ఉండాలి, పొడిగా కూడా ఉండాలి. అక్కడ నూనె రాస్తే అదే కాలి మసి అవుతుంది. చింతపల్లి, పాడేరు వైపు వానాకాలం డ్యూటీకి పోయొచ్చిన తుపాకులు విప్పితే ఎవరు ఎలాంటివాడో తెలిసిపోయేది. పిస్టన్ బిగుసుకుంటుంటే రెగ్యులేటర్ తిప్పి ఎక్కువ గ్యాస్ పంపే ఏర్పాటు అందులో ఉంది. బద్ధకస్తుడు ప్లగ్ గీకడం మాని రెగ్యులేటర్ తిప్పుకుంటూ పోయేవాడు. ఏఆర్‌కి ఆ పొడి సూత్రం వర్తించదు. దాని రింగులకి, బోల్టుని తిప్పే క్యామ్ పిన్‌కి, క్యారియర్ రాపిడి తినే చోట్లకి నూనె కావాలి. మసి ఉన్నా తడి ఉంటే నడుస్తుంది. తళతళా మెరిసినా ఎండిపోయి ఉంటే మొరాయిస్తుంది. అల్లుడుగారికి ఈ ఒక్క ముక్క ఎక్కించడానికి చాలా ఫోన్ ఖర్చయింది, వాట్సాప్ ఉచితం కాబట్టి సరిపోయింది.

మరి గీకాల్సింది ఎక్కడ? ముందు మ్యాగజైన్ తీసి, ఛాంబర్‌ని (తూటా కూర్చునే గదిని) కంటితో చూసి, వేలితో తడిమి ఖాళీ అని తేల్చుకోండి. ఇది ఆర్మరర్ అయినా, అల్లుడైనా తప్పదు. ఆ తర్వాత నా లెక్కలో మొదటిది ఛాంబర్, దాని వెనక బోల్టు లగ్గులు (పళ్ళు) తాళం పడే గాడి. దానికి తగ్గ బ్రష్ వేరే ఉంటుంది, గొట్టం బ్రష్ చాలదు. రెండోది కాల్చిన డొప్పని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ గోరు కింద. పిన్ తీసి చూస్తే ఇత్తడి పొడి, మసి ఉండకట్టి ఉంటాయి. ఫైరింగ్ పిన్ దూరే రంధ్రం కూడా చూడండి. గొట్టంలో రాడ్‌ని వెనకనుంచే పెట్టండి, మూతివైపు నుంచి పొడిస్తే తూటా వదిలే అంచు అరిగి గురి పోతుంది. క్యారియర్‌లోకి వచ్చే ఆ సన్నటి గ్యాస్ నాళంలో మాత్రం ఏదీ దూర్చకండి. అందులో బ్రష్ విరిగిందంటే మీ శుభ్రతే తుపాకీకి ఉరి.

ఛాంబర్‌ని మొదట ఎందుకు పెట్టానో వియత్నాం చెబుతుంది. 1960లలో ఏఆర్-15కి సైనిక రూపమైన ఎం-16 అక్కడికి వెళ్ళినప్పుడు దానికి శుభ్రం చేయడం పెద్దగా అక్కర్లేదన్న మాట పాకింది. క్లీనింగ్ కిట్లు చాలినన్ని అందలేదు. తూటాలో మందు మార్చారు, ఛాంబర్‌కి క్రోమ్ పూత లేదు. ఆ తేమలో ఛాంబర్‌కి గుంటలు పడి కాల్చిన డొప్పలు ఇరుక్కుపోయాయి. ఇరుక్కున్న డొప్పని రాడ్‌తో పొడుస్తూ చనిపోయిన సైనికులున్నారు. 1967లో అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం దీనిమీద విచారణ జరిపింది. ఆ రోజుల్లోనే క్రోమ్, కిట్లు, శిక్షణ పద్ధతిగా వచ్చాయి. అక్కడ ప్రాణాలు తీసింది ఛాంబర్, బోల్టు తోక కాదు.

మా ఎంవీపీ కాలనీలో కిటికీ గ్రిల్లుకి రంగేసిన ఏడాదికే తుప్పు తేలుతుంది. సముద్రం గాలి అలాంటిది. ఇక్కడ మసి కింద తేమ చేరితే పైకి కనపడకుండా ఉక్కు తినేస్తుంది, కాబట్టి మేం గీకేది ఎక్కువే. హ్యూస్టన్ వాళ్ళకి ఈ బాధ తెలుస్తుంది. అరిజోనాలో ఉన్నవాళ్ళు మా విశాఖ అలవాట్లు మోసుకెళ్ళనక్కర్లేదు.

నాకు నిజంగా కోపం తెప్పించేది వేరే. అల్లుడుగారి వెనకాల నాకు కనపడింది డైనింగ్ టేబుల్. దానిమీద పరిచిన పేపర్, పక్కనే మనవరాలి పాలగ్లాసు. తూటా క్యాప్‌లో సాధారణంగా సీసం ఉంటుంది, పేలినప్పుడు అది మసిలో కలుస్తుంది. మీరు గీకి రాల్చే పొడిలో అది ఉంటుంది. పిల్లల రక్తంలో సీసం ఇంత వరకు పరవాలేదు అనదగ్గ హద్దు లేదని డాక్టర్లు చెబుతారు. గరాజ్‌లో, తలుపు తీసి, గ్లోవ్స్ వేసుకుని చేయండి. ఆ గుడ్డలు సంచిలో కట్టి పారేయండి, వంటింటి సింకులో బోల్టు కడగకండి, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే పిల్లని ఎత్తుకోండి. మీ తెలుగు సంఘం తరఫున ఫైరింగ్ రేంజ్‌కి పిక్నిక్‌లు వేస్తున్నారని విన్నాను. వేయండి, కాదనను. కాల్చడానికి ఇచ్చినంత సమయం విప్పి బిగించడానికీ ఇవ్వండి. మా భాషలో దాన్ని ఖోల్నా-జోడ్నా అంటాం.

ఇంకొకటి. రేంజ్‌కి పట్టుకెళ్ళే సంచీని విశాఖ ప్రయాణానికి వాడకండి. సంచీ మూల మరచిపోయిన ఒక్క తూటా ఎక్స్‌రేలో కనపడి, 1959 ఆయుధాల చట్టం కింద కేసుల్లో చిక్కుకున్న ఎన్నారైలున్నారు. తెలియకుండా ఉండిపోయిందని కోర్టులు కేసులు కొట్టేసిన సందర్భాలూ ఉన్నాయి, కానీ ఆ మాట కోర్టు దాకా వెళ్ళాకే. వేరే సంచీ లేకపోతే ఉన్నదాన్నే తిరగేసి దులిపి, పక్క జేబుల జిప్పులు కూడా తీసి చూసి బయల్దేరండి.