శ్రీ నాలుగు పాయింట్ల వారి దివ్య సముఖానికి

గౌరవనీయులైన నాలుగు పాయింట్ల వారికి,

ఆన్ ఆర్బర్ దగ్గర నుంచి మిషిగన్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు అభిమాని ఒకడు నమస్కరించి రాయునది. మీరు క్షేమమేనని తెలుసు. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో అప్పట్లో జాతీయ చాంపియన్‌ని ఓట్లతోనే తేల్చేవారు. 1998 జనవరి నుంచి కోచ్‌ల పోల్‌లో నెబ్రాస్కా 1520కీ మా 1516కీ మధ్య కాళ్లు చాపుకుని కూర్చున్నారు, మిమ్మల్ని కదిపే మొనగాడు ఇంకా పుట్టలేదు. క్షేమంగా లేనిది నేను.

మొన్న శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకి నిచ్చెన కోసం పక్కింటికి వెళ్లాను. మా ఇంటి చూరు గట్టర్ల నిండా ఆకులు. అరగంట పని. పక్కింటాయన నెబ్రాస్కాలో పుట్టి పెరిగిన మనిషి, డెబ్బై దాటాయి. మంచి మనిషే, మంచు పడితే మా వాకిట్లోది కూడా ఆయనే తోసేస్తాడు. గరాజ్‌లో నిచ్చెన గోడకి ఆనించి ఉంది. దాని పైనే ఎర్ర జెండా, దాని మీద "1997 జాతీయ చాంపియన్లు". నోరు మూసుకుని నిచ్చెన పట్టుకొచ్చేస్తే సరిపోయేది. "ఇందులో సగం మాది కదండీ" అన్నాను.

ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. చేతిలో నిచ్చెన లేదు. మా ఆవిడ ఏమందో ఇక్కడ రాయను.

1997లో నేను గుంటూరులో ఇంటర్ ఫస్టియర్. అమెరికన్ ఫుట్‌బాల్‌ని కాలితో ఆడతారనుకునే రోజులు. 2003లో ఎంఎస్‌కి ఇక్కడికొచ్చాకే ఈ పగ నాకు వారసత్వంగా దక్కింది. ఎంసెట్‌లో ఒక్క మార్కుకి ఎన్ని ర్యాంకులు ఎగిరిపోతాయో చూసినవాణ్ణి కాబట్టి మీ సంగతి నాకు చప్పున అర్థమైంది.

ఆ సీజన్‌లో మేం 12–0, వాళ్లు 13–0, ఇద్దరికీ ఓటమి లేదు. ఎదురుపడి తేల్చుకుందామంటే సీజన్ చివర ఆడే రోజ్ బౌల్ మ్యాచ్ ఒప్పందం అడ్డు. మా కాన్ఫరెన్స్ (జట్ల కూటమి) విజేత పసిఫిక్ తీరం విజేతతోనే ఆడాలట. మేం వాషింగ్టన్ స్టేట్‌ని 21–16తో గెలిచాం. మర్నాడు వాళ్లు ఆరెంజ్ బౌల్‌లో పేటన్ మానింగ్ ఉన్న టెనెసీని 42–17తో ఉతికి ఆరేశారు. ఏపీ పోల్ మాకిచ్చింది, కోచ్‌ల పోల్ వాళ్లకిచ్చింది. (ఏపీ పోల్ అంటే ఆంధ్రా ఎన్నికలని మా ఆవిడ చాలాకాలం అనుకుంది. అది అసోసియేటెడ్ ప్రెస్‌ది, అక్కడ ఓట్లేసేది విలేకరులు.) బౌల్ మ్యాచ్‌ల ముందు రెండు పోల్‌లలోనూ మేమే పైన. ఆడిన మ్యాచ్ గెలిచి కూడా ఒక మెట్టు కిందికి దిగాం. పరీక్ష పాసయినందుకు కింది తరగతిలో కూర్చోబెట్టడం ఎక్కడైనా ఉందా?

వాళ్ల కోచ్ టామ్ ఆస్బోర్న్ అప్పుడు రిటైరవుతున్నాడు మరి, వీడ్కోలుకి ఏదో ఒకటి ఇవ్వాలి. శాలువా కప్పితే పోయేది.

ఇక మిజోరీ మ్యాచ్. పక్కింటాయన దగ్గర టేపుంది. దాన్ని ఎనిమిదిసార్లు వెనక్కి తిప్పాం. నవంబర్ 8, నెబ్రాస్కా ఏడు పాయింట్లు వెనక, టైమ్ అయిపోవస్తోంది. స్కాట్ ఫ్రాస్ట్ విసిరిన బంతి షెవిన్ విగ్గిన్స్ చేతికి చిక్కలేదు. వెల్లకిలా పడుతూ కాలు లేపాడు. బంతి ఆ కాలికి తగిలి మళ్లీ పైకి లేచింది, ఇంక నేలని తాకబోతోందనగా మాట్ డేవిసన్ దూకి కింద చేతులు పెట్టాడు. టచ్‌డౌన్. అప్పటికే మిజోరీ జనం గెలిచేశామని మైదానంలోకి దిగిపోయారు. ఓవర్‌టైమ్‌లో నెబ్రాస్కా 45–38తో గెలిచింది. కావాలని తన్నితే పెనాల్టీ. కావాలని తన్నాడని నేను, పడుతుంటే తగిలిందని ఆయన. తొమ్మిదోసారి తిప్పబోతే టేపు ఇరుక్కుంది.

దానికి బదులుగా ఆయన రోజ్ బౌల్ చివరి రెండు సెకన్లు తీశాడు. వాషింగ్టన్ స్టేట్ క్వార్టర్‌బ్యాక్ రయన్ లీఫ్ గడియారం ఆపడానికి బంతిని నేలకి కొట్టాడు, రిఫరీ మ్యాచ్ అయిపోయిందన్నాడు. దాని గురించి మాట్లాడటం నాకిష్టం లేదు.

అప్పుడు పిజ్జా పెట్టె మూత మీద మీ లెక్క వేశాను. ఓట్లు 62. మొదటి స్థానానికి 25, రెండోదానికి 24. నెబ్రాస్కాకి 32 మంది మొదటి స్థానం, 30 మంది రెండో స్థానం ఇచ్చారు: సరిగ్గా 1520. మాకు 30 మంది మొదటి స్థానం, మిగతా 32 మంది రెండోది ఇచ్చి ఉంటే 1518. మరి 1516 ఎలా వచ్చింది? అయితే ఇద్దరు మమ్మల్ని మూడో స్థానంలో పడేశారు, లేదా ఒకే మహానుభావుడు నాలుగోదాంట్లో తోశాడు. ఓడని జట్టుని! చార్లెస్ వుడ్‌సన్ ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెల్చుకున్న జట్టుని! ఎవరయ్యా మీరు? రహస్య బ్యాలెట్ కదా, పేరు చెప్పక్కర్లేదు, మొహం చూపించక్కర్లేదు. నలుగురితో నారాయణా అన్నా అర్థం చేసుకునేవాణ్ణి, మీరు నారాయణకే మూడో నంబరిచ్చారు. ఇంత పిరికిపనికి దుప్పటి కప్పి దాన్ని పోల్ అంటారా, సిగ్గులేకపోతే సరి!

పక్కింటాయన పెన్ను తీసుకుని నా 1518 కింద మెల్లగా గీత గీశాడు. "అయినా రెండు తక్కువే కదా," అన్నాడు.

నాలుగు పాయింట్ల వారూ, అప్పటిదాకా మీరు నలుగురూ దొంగలేననుకున్నాను. మీలో ఇద్దరు నిజాయితీపరులట. ఇరవై ఏళ్లకు పైగా మోస్తున్న పగలో సగం బరువు ఆ గరాజ్‌లోనే జారిపోయింది. ఇది మాత్రం మిమ్మల్ని క్షమించలేను.

2023 సీజన్‌లో మేం 15–0తో, ఎవరి ఓటూ అక్కర్లేకుండా టైటిల్ గెలిచాం. సంతోషమే. ఆ రాత్రి కూడా మీరే గుర్తొచ్చారు.

వచ్చేస్తుంటే ఆయన గుమ్మం దాకా వచ్చి, మీ డిఫెన్స్ ముందు మా పరుగు అంత తేలిగ్గా సాగేది కాదులే అన్నాడు. మీ లైన్‌ని నాలుగో క్వార్టర్ దాకా ఆపడం మావల్ల అయ్యేది కాదని నేనూ అన్నాను. ఇద్దరం వెంటనే ఆ మాటలు వెనక్కి తీసుకున్నాం. నిచ్చెన సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

ఇట్లు,
గట్టర్ల కింద నిలబడ్డ ఒక అభాగ్యుడు

తా.క.: మాకు మూడో స్థానమిచ్చిన కోచ్‌లెవరైనా ఉంటే సొంత నిచ్చెనతో రాగలరు. ఆకులు తీసి, పేరు చెప్పి వెళ్లండి. ఎవరికీ చెప్పను, ఒక్క పక్కింటాయనకి తప్ప.