సినిమాలో లోపం చెప్తే మైకు లాక్కుంటారా?

2025 ఉగాదికి ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం చేసిన సంబరాల్లో పంచాంగ శ్రవణం అయ్యాక, భోజనాలకు ముందు, గడిచిన ఏడాదిలో వచ్చిన సినిమాల మీద చిన్న చర్చ పెట్టారు. ఇక్కడే పుట్టి, 'మనబడి' అనే తెలుగు బడిలో తెలుగు నేర్చుకుని, ఇప్పుడు కాలేజీలో ఉన్న మన అమ్మాయి ఒకరు తెలుగులో రాసుకున్న కాగితం పట్టుకుని స్టేజీ ఎక్కింది. 'కల్కి 2898 ఏడీ'లో అశ్వత్థామగా అమితాబ్ ఎంత బాగా చేశారో, కురుక్షేత్రం ఘట్టాలు పెద్ద తెర మీదే ఎందుకు చూడాలో చక్కగా చెప్పింది. మూడు గంటల సినిమాలో మొదటి సగం కథ కదలలేదనీ, భైరవగా ప్రభాస్ చేసిన కామెడీ అతకలేదనీ కూడా అంది. అక్కడికి అందరూ ఊరుకున్నారు. తర్వాత ఇంకో పెద్ద హీరో సినిమా ఎత్తుకుని, సెకండాఫ్ సాగదీశారు, హీరోయిన్‌కు పాటలు తప్ప పనే లేదు అనగానే వెనక వరసల్లోంచి కేకలు మొదలయ్యాయి. 'దిగు, దిగు' అన్నారు. హీరో పేరుతో జైకొట్టారు. కార్యకర్త ఒకాయన వచ్చి మైకు తీసుకుని, భోజనాలు రెడీ అని అనౌన్స్ చేశారు. ఆ పిల్ల కాగితంలో ఇంకా సగం మిగిలే ఉంది.

ఏ హీరో అన్నది రాయను. ఎవరి సినిమా అయినా అంతే జరిగేది.

మా చిన్నప్పుడు తెనాలిలో రెండో ఆట చూసి నడిచి వస్తూ మా బాబాయి, ఆయన స్నేహితులు సినిమాను ఉతికి ఆరేసేవాళ్ళు. బాబాయి ఎన్టీఆర్ అంటే ప్రాణం పెట్టేవాడు. అయినా 'మనోడు బానే చేశాడ్రా, కథే తేలిపోయింది' అనడానికి వెనకాడేవాడు కాదు. టీ కొట్టు దగ్గర ఆ వాదన ఒక్కోసారి అర్ధరాత్రి దాటేది. అవతలి హీరో పోస్టర్ మీద పేడ కొట్టినవాళ్ళు అప్పుడూ ఉన్నారు, కాదనను. కానీ మాట్లాడేవాడి నోరు ఎవరూ మూయించలేదు.

మనకు ఇక్కడ ఇంకో బాధ్యత కూడా ఉంది. పెద్ద సినిమా ప్రీమియర్ మనకు సాయంత్రం పడే వేళకు ఇండియాలో ఇంకా తెల్లవారదు. ఇంటర్వెల్ కాకముందే 'టాక్ ఏంటి?' అని అక్కణ్ణుంచి వాట్సాప్ మెసేజ్‌లు వస్తాయి. పాతిక, ముప్పై డాలర్ల టికెట్ కొని చూసిన మనం నచ్చకపోయినా 'బ్లాక్‌బస్టర్' అని కొట్టేస్తే, అక్కడ జీతం రాళ్ళు లెక్కపెట్టుకుని కుటుంబాన్ని హాలుకు తీసుకెళ్ళేవాణ్ణి మోసం చేసినట్టే. అవతలి హీరో మీద కోపంతో 'డిజాస్టర్' అన్నా అదే మోసం.

'పుష్ప 2'లో జాతర ఘట్టం చూస్తుంటే నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. చీర కట్టుకుని అల్లు అర్జున్ ఆడిన ఆ కాసేపు హాలంతా ఊగిపోయింది. కానీ సినిమా మొత్తం 3 గంటల 20 నిమిషాలు. చివర్లో అన్న కూతురి కథ తెచ్చి, ఫైట్ల కోసమే లాగారు. ఈ రెండు మాటలూ ఒకే నోటితో చెప్పొచ్చు.

2025 మార్చి 14న వచ్చిన 'కోర్ట్' సంగతీ అంతే. మంగపతిగా శివాజీ కళ్ళు చూస్తేనే భయమేసింది. పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం గురించి మన ఇళ్ళల్లో మాట్లాడుకునేలా చేసిన సినిమా అది. అయితే అవతలి లాయర్ని మరీ అడ్డదారి మనిషిని చేసేసరికి, చట్టం మీద జరగాల్సిన గట్టి వాదన పలచబడింది. ఆ లోపం చెప్పినంత మాత్రాన సినిమా చిన్నదైపోదు. పెద్ద హీరో లేని సినిమాకు నమ్మకమైన నోటిమాటే దిక్కు. 2023లో 'బలగం' ఊరూరా ఆడింది ఆ మాట మీదే. ఊళ్ళల్లో తెరలు కట్టి మరీ చూశారు.

కల్చరల్ కమిటీ పెద్దలకు నా మనవి ఒక్కటే. హీరోల పుట్టినరోజులకు కేకులు కోయిస్తున్నారు, కార్ల ర్యాలీలకు పర్మిషన్లు తెస్తున్నారు. దీపావళి కార్యక్రమంలో సినిమా మీద ఒక గంట ఇవ్వండి. భోజనాల ముందు ఇరికించకుండా మధ్యాహ్నమే పెట్టండి. మాట్లాడేవాళ్ళు బాగున్నదీ చెప్పాలి, బాగోలేనిదీ చెప్పాలి. కేకలేసేవాళ్ళను బయటికి పంపే ధైర్యం ఉన్న మనిషిని మైకు దగ్గర నిలబెట్టండి. పిల్లల్ని ముందు మాట్లాడనివ్వండి, మన వాదనలు ఆ తర్వాత చేసుకుందాం.